యూరప్‌లో నారింజకు ఇన్ని పేర్లు ఎందుకు?

సంక్షిప్తంగా: యూరప్ భాషల్లో నారింజ పండుకు ముఖ్యంగా మూడు రకాల పేర్లున్నాయి. కొన్ని 'నారంగ' అన్న పాత మాట నుంచి, కొన్ని పోర్చుగల్ పేరు నుంచి, మరికొన్ని చైనా పేరు నుంచి పుట్టాయి. నారింజ ఆ ఖండానికి రెండు విడతలుగా, రెండు వేర్వేరు పండ్లుగా చేరడమే దీనికి మూలం. రెండో పండు వచ్చినప్పుడు పాత పేరునే దానికి ఇచ్చారా, కొత్త పేరు పెట్టారా అన్నదాన్ని బట్టి ఇవాళ్టి పేర్లు తేలాయి. ఆ మాటల లింగం, బహువచనం, రంగు పేరు కూడా చాలావరకు దాన్ని బట్టే ఏర్పడ్డాయి.

యూరప్ భాషలు నేర్చుకుంటున్నవాళ్లకు పండ్ల పేర్ల పాఠం దగ్గర ఒక తికమక ఎదురవుతుంది. స్పానిష్‌లో నరాంఖా, ఫ్రెంచ్‌లో ఒరాంజ్, హంగేరియన్‌లో నరాంచ్ అన్నప్పుడు ఇవన్నీ ఒకే మాట రూపాలని చెవికే తెలిసిపోతుంది. రష్యన్‌కు వెళ్తే అదే పండు అపెల్సీన్, గ్రీకులో పొర్తొకాలి. జర్మన్‌లో అయితే రెండు మాటలు చెలామణీలో ఉన్నాయి: దక్షిణాన, ఆస్ట్రియాలో ఒరాంజె, ఉత్తరాన అప్ఫెల్సీనె. పక్కపక్కనే ఉన్న దేశాలు ఒకే పండును ఇంత వేరుగా పిలవడానికి కారణం భాషలో కంటే వ్యాపార చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

## ముందు పండు సంగతి

తెలుగువాళ్లు ఆరెంజ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది తొక్క వదులుగా ఉండి చేత్తోనే ఒలిచేసుకునే కమలాపండు. యూరప్ దానిని మాండరిన్ అంటుంది. అక్కడ ఆరెంజ్ అని పిలిచేది తొక్క గట్టిగా అంటుకుని ఉండే తియ్య నారింజను. నల్గొండ తోటల్లో పండే బత్తాయి, అంటే సాత్‌గుడి రకం, వృక్షశాస్త్రం ప్రకారం ఈ తియ్య నారింజ జాతిదే. దాని శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్. సైనెన్సిస్ అంటే చైనాకు చెందినది.

ఇది కాక చేదు నారింజ అని ఇంకొకటి ఉంది. శాస్త్రీయ నామం సిట్రస్ ఆరాంటియం. రసం పులుపు, తొక్క చేదు, వాసన మాత్రం ఘాటు. తినడానికి కాకుండా మందులకు, అత్తరుకు, వంటలో పులుపుకు, మార్మలేడ్‌కు వాడతారు. రెండూ పంపర పనస, మాండరిన్ జాతుల కలయికతో ఆసియాలో పుట్టినవే. యూరప్‌కు చేరిన కాలాలు మాత్రం వేరు. చేదు నారింజను అరబ్బులు 10, 11 శతాబ్దాల ప్రాంతంలో సిసిలీకి, స్పెయిన్‌కు తెచ్చారు. తియ్య నారింజ అక్కడ బాగా వ్యాపించింది 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దంలో. ఆ వ్యాపారంలో పెద్ద చెయ్యి పోర్చుగీసువాళ్లది. రెండింటికీ మధ్య దాదాపు 500 ఏళ్లు గడిచాయి. ఆ లోపు చేదు పండు పేరు చాలా భాషల్లో స్థిరపడిపోయింది.

## దక్షిణాది నుంచి బయల్దేరిన మాట

యూరప్‌కు చేరిన మొదటి పేరు అరబ్బీ నారంజ్. అది పర్షియన్ నారంగ్ నుంచి, పర్షియన్ మాట సంస్కృత నారంగ నుంచి వచ్చాయి. సంస్కృతానికి ఇది ద్రావిడ భాషల నుంచి వచ్చిందన్నది భాషాచరిత్రకారుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. మలయాళంలో నిమ్మజాతి కాయను ఇప్పటికీ నారంగ అనే అంటారు. తమిళంలో నార్త్తంగాయ్ ఉంది. తెలుగులో నారింజతో పాటు నారదబ్బ కూడా ఉంది. మలయాళంలో మామిడికాయ మాంగ, కొబ్బరికాయ తేంగ. వీటి చివర ఉన్నది 'కాయ' అన్న మాటే, ముందున్న అనునాసికంతో కలిసి అలా మారింది. నారంగ చివర ఉన్నదీ అదేనని ఈ అభిప్రాయం చెప్పేవారి వాదన. మాంగ నుంచి పోర్చుగీసు మాంగా, ఇంగ్లిష్ మాంగో వచ్చాయన్నది చాలామంది ఒప్పుకునేదే.

అరబ్బీ నుంచి ఒక్కో భాష ఈ మాటను ఒక్కో రకంగా తీసుకుంది. స్పానిష్ మొదటి 'న'ను నిలుపుకుంది. పాత స్పానిష్‌లో ఈ మాట చివర 'జ'కు దగ్గరి ధ్వని ఉండేది. 16, 17 శతాబ్దాల్లో ఆ ధ్వని గొంతులోకి జరిగి 'ఖ'గా మారింది కాబట్టి ఇప్పుడు నరాంఖా. పోర్చుగీసులో మొదటి 'న' కాస్తా 'ల' అయి లరాంజ అయింది. ఒకే మాటలో రెండు అనునాసికాలు దగ్గరగా ఉన్నప్పుడు ఒకటి పక్కకు తప్పుకోవడం చాలా భాషల్లో కనిపించేదే. బాస్క్ భాషలోనూ లరాంజ రూపమే ఉంది. కాటలాన్ మాత్రం దారి మార్చింది. దాని తరోంజ నారంజ్ నుంచి రాలేదు, మాదీఫలానికి అరబ్బీలో ఉన్న తురుంజ నుంచి వచ్చింది. స్పానిష్‌లోనూ ఆ మాట తొరోంఖాగా ఉంది కానీ అర్థం వేరు, అది గ్రేప్‌ఫ్రూట్.

మొదటి 'న' ఊడిపోవడం గురించి ప్రచారంలో ఉన్న ఒక కథను ఇక్కడ సరిచేయాలి. ఇంగ్లిష్‌లో 'ఎ నోరెంజ్' అన్నది వినగా వినగా 'యాన్ ఓరెంజ్' అయిందని చాలాచోట్ల రాస్తారు. ఇలాంటి మార్పు ఇంగ్లిష్‌లో నిజంగానే జరిగింది, కాకపోతే వేరే మాటల్లో. అప్రన్ ఒకప్పుడు నాప్రన్, ఆడర్ అనే పాము ఒకప్పుడు నాడర్. ఆరెంజ్ సంగతి అలా కాదు. ఈ మాట ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చేనాటికే 'న' లేదు. ఇటాలియన్‌లో స్త్రీలింగ నామం ముందు 'ఒక' అనే అర్థంలో 'ఊన' వస్తుంది, అచ్చు ముందు అది 'ఊన్' అవుతుంది. 'ఊన నరాంచ' అన్నది చెవికి 'ఊన్ అరాంచ'లాగే వినిపిస్తుంది. ఊడిపోవడం అక్కడ జరిగింది. వెనిస్ మాండలికంలో నరాంజ అని 'న' ఉన్న రూపం నిలిచింది కాబట్టి ఇటలీలో కూడా ఈ మార్పు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

ఇక 'అ' కాస్తా 'ఒ' ఎందుకయింది? ఫ్రెంచ్‌లో బంగారాన్ని 'ఓర్' అంటారు. పండు రంగును చూసి జనం ఆ మాటను ఇందులో విన్నారని సాధారణంగా చెప్పే వివరణ. లాటిన్ పండితులు కూడా అదే పని చేశారు. బంగారానికి లాటిన్ మాట ఆరుమ్. దానికి దగ్గరగా ఉండేలా పండు పేరును ఆరాంటియుమ్ అని రాశారు. చేదు నారింజ శాస్త్రీయ నామంలో ఇప్పటికీ ఉన్నది ఆ రాతే. ఇంగ్లిష్ ఆరెంజ్ చివరి 'జ' గట్టిగా పలకడం వెనుక కూడా చరిత్ర ఉంది. పాత ఫ్రెంచ్‌లో ఆ ధ్వని అలాగే ఉండేది. తర్వాత ఫ్రెంచ్ దానిని మెత్తబరిచింది, ఇంగ్లిష్ మాత్రం తెచ్చుకున్న రోజుల్లోని పలుకును వదల్లేదు.

మధ్య, తూర్పు యూరప్‌కు ఈ మాట ఇంకో రూపంలో చేరింది. ఇటాలియన్‌లో పండు అనే అర్థం ఉన్న 'పోమో'ను అరాంచకు జోడించిన పేరు జర్మన్‌లో పొమెరాంత్సె, పోలిష్‌లో పొమరాంచా, చెక్‌లో పొమెరాంచ్, సెర్బియన్‌లో పొమొరాంజా, ఉక్రేనియన్‌లో పొమరాంచ్ అయింది. పక్కనున్న క్రొయేషియన్ నరాంచా అంటుంది.

## తియ్య పండు వచ్చాక

అసలు చీలిక ఇక్కడ మొదలవుతుంది. చేదు పండుకు పేరు ఉంది. దానిలాగే కనిపించే తియ్యటి పండు ఓడల్లో దిగింది. దానిని ఏమనాలి?

స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచ్, ఇటాలియన్, ఇంగ్లిష్ ఒక పద్ధతి పాటించాయి. పాత పేరును కొత్త పండుకు ఇచ్చేసి, పాత పండుకు విశేషణం తగిలించాయి. అందుకే స్పానిష్‌లో చేదుది నరాంఖా అమార్గా, ఫ్రెంచ్‌లో ఒరాంజ్ అమేర్. ఇంగ్లిష్‌లో దాన్ని సెవిల్ ఆరెంజ్ అని కూడా అంటారు.

రెండో పద్ధతిలో పాత పేరు చేదు పండుకే ఉండిపోయింది, తియ్యదానికి అది ఎవరి నుంచి వచ్చిందో వాళ్ల పేరు పెట్టారు. మధ్యధరా సముద్రం తూర్పు వైపున ఆ పండును అమ్మినవాళ్లు పోర్చుగీసువాళ్లు లేదా పోర్చుగల్ సరుకు తెచ్చినవాళ్లు. అందుకే గ్రీకులో పొర్తొకాలి, బల్గేరియన్‌లో పొర్తొకాల్, రొమేనియన్‌లో పొర్తొకాల, టర్కిష్‌లో పొర్తకాల్. గ్రీకులో చేదుదాన్ని ఇప్పటికీ నెరాంజి అంటారు. ఇటలీలోనే నేపుల్స్ మాండలికంలో తియ్య నారింజ పేరులో పోర్చుగల్ వినిపిస్తుంది. ఈ కొత్త పేరు ఎంత బలంగా వ్యాపించిందంటే, నారంజ్‌ను యూరప్‌కు ఇచ్చిన అరబ్బీ కూడా తియ్యదాన్ని బుర్తుకాల్ అనడం మొదలుపెట్టింది. పర్షియన్‌లోనూ ఇప్పుడు తియ్యది పొర్తెఖాల్, చేదుది నారెంజ్. పోర్చుగీసు భాషకు మాత్రం తన దేశం పేరునే పండుకు పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు, లరాంజతోనే సరిపెట్టుకుంది.

ఉత్తర సముద్రం రేవుల్లో మూడో పేరు పుట్టింది. అక్కడి వర్తకులు ఈ పండును చైనా ఆపిల్‌గా అమ్మారు. డచ్‌లో చైనా ముందు, ఆపిల్ తర్వాత వచ్చి సినాసాప్పెల్ అయింది. బెల్జియం వైపు ఫ్లెమిష్ వాడుకలో ఆపిల్ ముందు వచ్చి అప్పెల్సీన్. ఈ రెండో క్రమమే హాంబర్గ్ ప్రాంతపు జర్మన్‌లోకి, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్‌లాండిక్ భాషల్లోకి వెళ్లింది. బాల్టిక్ తీరం దాటి ఫిన్నిష్‌లో అప్పెల్సీని, లాత్వియన్‌లో అపెల్సీన్స్, రష్యన్‌లో అపెల్సీన్ అయింది. జర్మనీలో ఒరాంజె, అప్ఫెల్సీనె సరిహద్దు దాదాపుగా సరుకు దక్షిణం నుంచి ఆల్ప్స్ దాటి వచ్చిందా, ఉత్తరం నుంచి ఓడలో వచ్చిందా అన్నదానికి సరిపోతుంది.

ఇంగ్లిష్‌లో కూడా 17, 18 శతాబ్దాల్లో తియ్యదాన్ని చైనా ఆరెంజ్ అనేవాళ్లు. తర్వాత చైనా రాలిపోయింది. స్పానిష్ మాట్లాడే ప్వెర్టో రికోలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. అక్కడ తియ్య నారింజ పేరు 'చీనా', రసం అడగాలంటే చీనా జ్యూస్ అనాలి. నరాంఖా అన్నది చేదు పండుకు మిగిలింది.

సరుకు దిగిన దారిని బట్టి పేరు పెట్టే ఈ పద్ధతి మన బండి మీద కూడా కనిపిస్తుంది. మొసాంబి అన్న పేరు ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచి వచ్చిందన్నది బాగా ఆమోదం పొందిన వివరణ. నారంగ పుట్టిన ప్రాంతంలో ఆ కుటుంబపు పండుకే ఇంకో తీరం పేరు తగులుకుంది.

## చెట్టు పుంలింగం, పండు స్త్రీలింగం

యూరప్ భాషల్లో చాలావాటికి ప్రాణం లేని వస్తువులకూ లింగం ఉంటుంది. తెలుగులో పండూ చెట్టూ రెండూ అమహద్వాచకాలే కాబట్టి ఈ విషయం మనకు పట్టుబడటం కష్టం. బయటి నుంచి వచ్చిన మాటకు లింగం ఎలా కుదిరింది అన్నది గమనిస్తే ఆ భాషల పనితీరు తెలుస్తుంది.

ఇటాలియన్‌లో అరాంచ అంటే పండు, స్త్రీలింగం. అరాంచో అంటే చెట్టు, పుంలింగం. స్పానిష్‌లో నరాంఖా పండు, నరాంఖో చెట్టు. ఇది నారింజ కోసం చేసిన ఏర్పాటు కాదు. ఆపిల్, బేరి, చెర్రీ పేర్లకు ఈ జత అప్పటికే ఉంది. దాని మూలం లాటిన్‌లో కనిపిస్తుంది. లాటిన్‌లో చెట్లు స్త్రీలింగం, పండ్లు నపుంసకలింగం. బేరి చెట్టు పిరుస్, పండు పిరుమ్, పండ్లు పిర. నపుంసకలింగం క్రమంగా వాడుక తప్పిపోతున్నప్పుడు 'పిర' అన్న బహువచనం చివర 'అ' ఉండటంతో జనం దానిని స్త్రీలింగ ఏకవచనంగా తీసుకున్నారు. చెట్టు పేరు చివర 'ఉస్' ఉండటంతో అది పుంలింగంలో కలిసిపోయింది. అరబ్బీ నుంచి నారంజ్ వచ్చేసరికి ఈ చట్రం సిద్ధంగా ఉంది, కొత్త మాట అందులో ఒదిగింది. పోర్చుగీసు చెట్టుకు వేరే ప్రత్యయం వాడి లరాంజైర అంటుంది, అది కూడా స్త్రీలింగమే. ఫ్రెంచ్‌లో చెట్టు ఒరాంజే, పుంలింగం. చలికాలంలో ఈ చెట్లను దాచే అద్దాల భవనాన్ని ఒరాంజెరీ అనడం దీని నుంచే వచ్చింది. వెర్సాయిలో 1684లో కట్టడం మొదలైన ఒరాంజెరీ వాటిలో ప్రసిద్ధమైనది.

గ్రీకు మాత్రం పాత ఏర్పాటును వదలలేదు. పండు నపుంసకలింగం, చెట్టు స్త్రీలింగం. అక్కడ మూడు మాటల మధ్య తేడా ఎక్కువగా ఊనికలోనే ఉంటుంది. పొర్తొకాలిలో 'కా' మీద ఊనిక పెడితే పండు. అదే మాటను చివరి అక్షరం మీద ఊనికతో పొర్తొకలీ అంటే రంగు. పొర్తొకల్యా అంటే చెట్టు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రంగు అడగబోయి పండు అడిగే ప్రమాదం నిజంగా ఉంది.

స్లావిక్ భాషల్లో మాట చివరి ధ్వనే లింగాన్ని నిర్ణయించింది. పోలిష్ పొమరాంచా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి స్త్రీలింగం. అదే మాట చెక్‌లో హల్లుతో ముగిసి పుంలింగం అయింది. జర్మన్‌లో ఆపిల్ పుంలింగం, అయినా అప్ఫెల్సీనె స్త్రీలింగమే. జర్మన్ సమాసంలో చివరి మాటదే లింగం. ఇక్కడ చివర ఉన్నది ఆపిల్ కాదు. 'ఈనె'తో ముగిసే మాటలు ఆ భాషలో సాధారణంగా స్త్రీలింగమే.

సంఖ్య చేరితే ఇంకో తేడా బయటపడుతుంది. తెలుగులో అయిదు నారింజలు అంటే చాలు. రష్యన్‌లో ఒకటైతే అపెల్సీన్, రెండు నుంచి నాలుగు వరకు అపెల్సీన, అయిదు నుంచి అపెల్సీనొవ్. బజారులో చాలామంది కిలో అడిగేటప్పుడు చివరి 'ఒవ్' మింగేసి 'కిలో అపెల్సీన్' అంటారు, వ్యాకరణ పుస్తకాలు దానిని ఒప్పుకోవు. హంగేరియన్‌లో సంఖ్య తర్వాత ఏకవచనమే వస్తుంది. అయిదు అని చెప్పాక మళ్లీ బహువచనం ఎందుకన్నది ఆ భాష తీరు. ఫిన్నిష్‌లోనూ ఏకవచనమే, కానీ 'కొంత భాగం' అని సూచించే వేరే విభక్తిలో.

## రంగు పేరు దగ్గర వచ్చే చిక్కు

పండు రాకముందు ఈ రంగు యూరప్‌లో లేకపోలేదు, దానికి విడిగా పేరు లేదు. పాత ఇంగ్లిష్‌లో పసుపెరుపు అనే అర్థం వచ్చే జంట మాట వాడేవాళ్లు. రాబిన్ పిట్ట రొమ్ము నారింజ రంగులో ఉంటుంది, ఇంగ్లిష్ మాత్రం దానిని ఎర్ర రొమ్ము అనే పిలుస్తుంది, ఆ పేరు రంగు మాటకన్నా పాతది కాబట్టి. ఆరెంజ్ అనే మాట ఇంగ్లిష్‌లో రంగుకు వాడుకలోకి వచ్చింది 16వ శతాబ్దం మొదట్లో. హంగేరియన్, ఐస్‌లాండిక్ భాషల్లో ఇప్పటికీ ఆ రంగు పేరు 'నారింజ పసుపు' అనే సమాసమే.

పండు పేరు రంగు విశేషణంగా మారినప్పుడు వ్యాకరణంలో దానికి పూర్తి హోదా వెంటనే రాదు. ఫ్రెంచ్‌లో రంగు విశేషణాలు నామంతో పాటు లింగం, వచనం మారుస్తాయి. ఒరాంజ్ మాత్రం మారదు. బూట్లు ఎన్ని ఉన్నా 'ఒరాంజ్' చివర బహువచన గుర్తు చేర్చకూడదు, ఎందుకంటే వ్యాకరణం దృష్టిలో అది ఇంకా నామమే. గులాబీ పేరు నుంచి వచ్చిన 'రోజ్' మాత్రం ఈ నియమం నుంచి తప్పించుకుని మామూలు విశేషణంలా మారుతుంది. చదువుకున్న ఫ్రెంచ్‌వాళ్లూ తడబడే చోటు ఇది. జర్మన్‌లో కూడా ప్రామాణిక నియమం ప్రకారం ఒరాంజ్ మారకూడదు. వాడుకలో జనం మధ్యలో ఒక 'న' చేర్చి ఒరాంజెనెస్ వంటి రూపాలు చేసుకుంటారు, రాతలో జాగ్రత్తపడేవాళ్లు 'నారింజ రంగుగల' అనే అర్థం ఉన్న పొడవాటి మాటను ఎంచుకుంటారు.

రష్యన్ పండు పేరును ఉత్తరం నుంచి, రంగు పేరును ఫ్రెంచ్ నుంచి తెచ్చుకుంది. అందుకే పండు అపెల్సీన్ అయినా రంగు ఒరాంజెవి. ఉక్రేనియన్‌లో రంగు పొమరాంచెవి, ఆ మాట పండుకున్న పాత పేరు నుంచే పుట్టింది. 2004 చివర్లో కీవ్‌లో జరిగిన ఆరెంజ్ విప్లవాన్ని రెండు భాషల పత్రికలు రెండు వేర్వేరు మాటలతో రాయడానికి కారణం ఇదే.

## డచ్ జెర్సీకి పండుతో సంబంధం ఎంత

2023 క్రికెట్ ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్ జట్టు హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో రెండు మ్యాచ్‌లు ఆడింది. జాతీయ జెండాలో ఎరుపు, తెలుపు, నీలం మాత్రమే ఉన్న దేశం నారింజ రంగు జెర్సీ ఎందుకు వేసుకుంటుందన్న ప్రశ్న అలాంటి ప్రతిసారీ వస్తుంది.

సమాధానం దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒరాంజ్ అనే ఊరిలో ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. అది కెల్టిక్ భాషకు చెందిన స్థలనామం, పండుతో ఏ సంబంధమూ లేదు. క్రీస్తుపూర్వం 105లో రోమన్ సైన్యం ఘోరంగా ఓడిపోయింది ఆ ఊరి దగ్గరే. శతాబ్దాలుగా ధ్వనులు అరిగి ఆ పేరు పండు పేరులాగే వినిపించే స్థితికి చేరింది. పండు పేరులో 'ఒ' రావడానికి ఈ ఊరి పేరు కూడా తోడ్పడి ఉండొచ్చని కొందరు పండితులు అంటారు.

1544లో నాసౌ వంశానికి చెందిన విలియం ఈ ఒరాంజ్ సంస్థానానికి వారసుడయ్యాడు. తర్వాత స్పెయిన్ పాలనపై డచ్‌వాళ్ల తిరుగుబాటును నడిపింది ఆయనే. పేరు ఒకేలా ఉండటంతో రంగు ఆ వంశానికి గుర్తయింది. తిరుగుబాటుదారుల జెండాలో పైన నారింజ రంగే ఉండేది, తర్వాత దాని చోట ఎరుపు వచ్చింది. 1937లో రాజశాసనం ఎరుపునే ఖాయం చేసింది. ఆ వంశంలోని మూడో విలియం 1689లో ఇంగ్లండ్ రాజు కావడంతో రంగు ఐర్లండ్ రాజకీయాల్లోకీ ప్రవేశించింది. ఐరిష్ జెండాలోని నారింజ పట్టీ ఆయన పక్షాన నిలిచిన ప్రొటెస్టెంట్లను సూచిస్తుంది. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నదికి పేరు వచ్చింది కూడా పండు నుంచి కాదు, ఈ వంశం నుంచే.

డచ్ భాషలో రంగును, రాజవంశాన్ని, జట్టును ఒరాన్యె అంటారు. దుకాణంలో కొనే పండు మాత్రం సినాసాప్పెల్.